కంపోజిటర్ మామ వాలు అక్షరాలు

నా చిన్నప్పుడు నల్లగొండలో మా బాపు నడిపిన ప్రెస్సులో జరిగిన ఒక సంగతిని మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. కల్లు తాగిన మత్తులో ఒక కంపోజిటరు, ఇంజనీరు గారి బిడ్డ పెండ్లికార్డులో అక్షరాల తలలు ఎగరగొట్టాడని ఆ కథ. ఏ పెండ్లి విందులో నలుగురం కలిసినా ఎవరో ఒకరు దాన్ని ఎత్తుకుంటారు. అందరూ నవ్వుతారు, అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ని. ఆ కథలో ఆయన తాగాడన్నది అబద్ధం. ఆయన విరగ్గొట్టాడన్నదీ అబద్ధమే. విరగ్గొట్టింది నేను. మా బాపు బతికున్నన్నాళ్లూ ఈ మాట నా నోట రాలేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ కథ విని నవ్విన మావాళ్లందరి కోసం.

మా ప్రెస్సు పెద్దదేమీ కాదు. బజారులో రెండు గదులు. ముందు గదిలో బాపు బల్ల, రబ్బరు ముద్రల నమూనాలు, గోడకు పాత క్యాలెండర్లు. వెనక గదిలో కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, అక్షరాల పెట్టెలు, పేజీలు బిగించడానికి నున్నటి రాతి బల్ల. సీసపు అక్షరాలను పెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి వరుసలుగా పేర్చేవాడే కంపోజిటరు. ఆ పని చేసే ఆయనను నేను మామా అని పిలిచేవాణ్ని. ఆయన నన్ను అల్లుడా అనేవాడు. మా కులమూ ఆయన కులమూ ఒకటి కాదు, ఆయన మతం కూడా వేరే. వాళ్ల నాయిన ఒకప్పుడు దొరల పొలాల్లో కూలికి పోయిన మనిషి. కొడుకు క్రైస్తవ మిషను వాళ్ల బడిలో చదువుకొని, వాళ్ల ప్రెస్సులోనే పని నేర్చుకున్నాడు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకొని చర్చికి పోయేవాడు. మిగతా రోజుల్లో మాత్రం నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

మామ అణకువ గల మనిషి కాదు. తన పని గురించి తానే గొప్పలు చెప్పుకునేవాడు. "హైద్రాబాదుల నాలెక్క ఇంగ్లీషు పేర్చేటోడు ఉంటే తీసుకురా, వాని ఇంట్ల నీళ్లు మోస్త" అని మిషను తొక్కే అబ్బాయితో పందెం కాసేవాడు. ఆయనకు ఒకే ఒక్క మచ్చ ఉండేది, అది ఊరందరికీ తెలుసు. ఒకప్పుడు సాయంత్రమైతే కల్లు కాంపౌండు వదిలేవాడు కాదు. ఒకసారి వాళ్లావిడ, నేను అత్తా అని పిలిచే ఆమె, పిల్లలను తీసుకొని కొత్తకోటలోని తల్లిగారింటికి వెళ్లిపోయింది. పాస్టరు గారు మధ్యన కూర్చుని మాట్లాడితే తిరిగివచ్చింది. మళ్లీ కల్లు ముట్టనని మామ చర్చిలో అందరి ముందూ మాట ఇచ్చాడు. "ఇంకోసారి ముట్టినవంటే నేను, పిల్లలు నీకు లేనట్టే" అని అత్త కూడా ఆ అందరి ముందే చెప్పింది. ఆమె మిషను దవాఖానలో ఆయా. మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో వచ్చి మామకు సద్ది గిన్నె ఇచ్చిపోయేది. ఇచ్చేటప్పుడు ఆయన కండ్లలోకి ఒకసారి చూసేది. మామ నవ్వి, "ఉఫ్" అని ఆమె మొహం మీద ఊదేవాడు, వాసన చూసుకొమ్మన్నట్టు. అది వాళ్లిద్దరికీ రోజూ ఉండే ఆట. చాలా రోజుల వరకు అది ఆట కాదని నాకు తెలియదు.

ఆ రోజుల్లో సాగర్ డ్యాం పని జోరుగా నడుస్తోంది. ఎక్కడెక్కడి నుంచో ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు వచ్చి దిగారు. వాళ్లకు ఇంగ్లీషు కార్డులు కావాలి. మా దగ్గర ఉన్నవి నిటారుగా నిలబడే మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అవి కూడా అరిగిపోయినవి. బాపు హైదరాబాదు పోయి, మూసేస్తున్న ఒక ప్రెస్సు నుంచి వాలు అక్షరాల పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. ఇటాలిక్ అంటారని మామ చెప్పాడు. కాగితం పొట్లాలు విప్పుతున్నప్పుడు ఆయన మొహం నాకు ఇంకా గుర్తుంది. పొట్లం విప్పి అక్షరాన్ని వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి, "అబ్బ! గిది సీసమారా, నగనారా?" అన్నాడు.

సీసంలో ఉన్నప్పుడు అక్షరం అద్దంలో చూసినట్టు ఎడమది కుడిగా కనిపిస్తుంది. కాగితం మీదికి వస్తే గానీ దాని సొగసు తెలియదు. మామ నాకోసం ఒక వరుస పేర్చి, తెల్లకాగితం మీద అచ్చు తీసి చూపించాడు. ప్రతి అక్షరమూ కుడివైపుకు కొంచెం ఒరిగి ఉంది, పక్కన ఉన్నది చెప్పే మాట వినడానికి వంగినట్టు. దిగే గీత లావు, ఎక్కే గీత వెంట్రుకంత సన్నం. ప్రతి గీత మొదట్లోనూ చివరా చిన్న కొక్కెం, కలం ఎత్తేటప్పుడు మణికట్టు తిప్పితే మిగిలే గుర్తులాంటిది. నిటారు అక్షరాలను వంచితే వాలు అక్షరాలు అవుతాయనుకున్నాను నేను. కాదు, వాటి రూపమే వేరు. నిటారు చిన్న 'ఏ'కు నెత్తిన ఒక టోపీ ఉంటుంది, వాలు 'ఏ'కు ఉండదు, అది ఒక బొట్టులా గుండ్రంగా ఒదిగిపోతుంది. 'మరియు' అని చెప్పడానికి వాడే మెలికల గుర్తు ఒకటుంది. మామ దానికి జిలేబి అని పేరు పెట్టాడు. "సారూ, ఈ కార్డుకు జిలేబి ఒకటా రెండా?" అని బాపును అడిగితే, ఎదురుగా కూర్చున్న గిరాకీదారు తెల్లమొహం వేసేవాడు.

"ఉర్దూ రాత పుట్టుకతోనే వాలి ఉంటది" అనేవాడు మామ. "మన తెలుగు కాళ్లు ముడుచుకొని కూసుంటది. నిలవడుడు, వాలుడు రెండూ ఎర్కైంది ఇంగ్లీషుకే."

ఆ అక్షరాలు ఎక్కడ వాడాలన్న దాని మీద ఆయనకూ బాపుకూ రోజూ పేచీ. కొత్త వస్తువు కదా, కార్డంతా వాలు అక్షరాలతోనే కొట్టమనేవాడు బాపు. మామ ఒప్పుకునేవాడు కాదు. "అందరు వాలితే ఎవరు నిలవడాలె సారూ?" అనేవాడు. పెండ్లికార్డులో పిల్ల పేరు, పిల్లగాని పేరు, ఆహ్వానం మాటలు వాలు అక్షరాలు. ముహూర్తం, తేదీ, ఊరు నిటారు అక్షరాలు. ఎందుకంటే తేదీ, ఊరు వెతుక్కునేటప్పుడు మనిషి తొందరలో ఉంటాడట, పేరు చదివేటప్పుడు తొందర ఉండదట. ఇంజనీర్ల విజిటింగు కార్డుల మీద పేరు నిటారుగా, హోదా దాని కింద సన్నగా వాలి ఉండేది. బడి వార్షికోత్సవం కాగితంలో నాటకం పేరు వాలి, వేషగాళ్ల పేర్లు నిలబడేవి. బదిలీ మీద పోతున్న ఒక పెద్ద ఇంజనీరుకు విందు ఇస్తూ, ఏమేం వడ్డిస్తారో కూడా కార్డు మీద కొట్టించారు ఒకసారి. పులిహోర ఇంగ్లీషులో వాలి పడుకున్నది చూసి మామ కడుపు పట్టుకొని నవ్వాడు.

ఆ పెట్టెను మామ తప్ప ఎవరూ ముట్టకూడదు. ఒకరోజు నన్ను పక్కన నిలబెట్టుకొని ఎందుకో చూపించాడు. ఇంగ్లీషు 'ఎఫ్' అక్షరం అరచేతిలో పెట్టాడు. మామూలు సీసపు అక్షరానికి అచ్చు పడే ముఖమంతా దాని దిమ్మె మీదే ఉంటుంది. వాలు 'ఎఫ్' అలా కాదు. దాని తల ముందుకు, తోక వెనక్కు దిమ్మె దాటి గాలిలోకి పొడుచుకొచ్చి ఉన్నాయి, ఆవగింజంత. పక్క అక్షరం భుజం మీద ఆ కొస ఆనుకుంటేనే దానికి బలం.

"గిది దొరసాని. దీని కొంగు ఎప్పుడూ పక్కోని జాగల ఉంటది" అన్నాడు మామ. "నలుగురిల నడుమ వెట్టినవనుకో, ఎంత ఒత్తినా ఏం గాదు. ఒంటిగ నిలవెట్టి నెత్తిన కొట్టినవా, కొంగు తెగుతది. మల్ల అతుకువడది. మతికి వెట్టుకో అల్లుడా."

మతికి పెట్టుకున్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు, అందుకే ఇది ఇక్కడ రాస్తున్నాను.

మా బడిలో పిల్లలకు ఆ అక్షరాల పిచ్చి పట్టింది. వాటిని 'ఇంజనీరు అక్షరాలు' అనేవాళ్లం. పాడైపోయిన కార్డులు తెచ్చి నేను అందరికీ చూపించేవాణ్ని. నా తరగతిలో ఒక ముస్లిం మిత్రుడు ఉండేవాడు. వాళ్ల అబ్బాకు కిరాయి సైకిళ్ల షాపు. తన ఇంగ్లీషు పుస్తకం అట్ట మీద తన పేరు ఇంజనీరు అక్షరాలతో కొట్టిస్తే ఆదివారం పొద్దుగూకే దాకా సైకిలు ఇస్తానన్నాడు. నాకు సైకిలు అంతకుముందే వచ్చు, కానీ కిరాయి సైకిలు నాకెవరూ ఇప్పించేవాళ్లు కాదు. వాడి పేరు చివర ఆ 'ఎఫ్' అక్షరమే.

ఆదివారం ప్రెస్సు బందు. మామ చర్చికి పోయాడు. బాపు అన్నం తిని పడుకున్నాడు. మేమిద్దరం తాళంచెవి తీసుకొని వెనక గదిలో దూరాం. మిషను నల్ల సిరా మాకు చేతకాదు కాబట్టి బాపు బల్ల మీది ముద్రలు కొట్టే ఊదా సిరా ప్యాడు తెచ్చాను. ఒక్కొక్క అక్షరం సిరాలో అద్ది అట్ట మీద నిలబెట్టి బొటనవేలితో ఒత్తాను. మిగతావి మసకగానైనా పడ్డాయి. చివరి అక్షరం పడలేదు. "కొట్టురా, గట్టిగ కొట్టు" అన్నాడు వాడు. రాతిబల్ల మీద కొయ్యసుత్తి ఉంది. అక్షరాన్ని ఒంటిగా నిలబెట్టి దాని నెత్తిన కొట్టాను. టిక్‌మని చిన్న చప్పుడైంది. అట్ట మీద పడిన అక్షరానికి తల లేదు. ఇంకొకటి తీశాను. దానికి తోక పోయింది. ఈసారి మెల్లగా కొడదామని ఇంకొకటి. పెట్టెలో వాటి గది చిన్నది కాబట్టి ఆ అక్షరాలు ఉన్నవే కొన్ని. ఆ గదిలో అన్నీ అయిపోయేదాకా నేను ఆగలేదు. ఎందుకు ఆగలేదో ఇప్పటికీ నాకు జవాబు దొరకదు. ఒకటైనా బాగా పడితే మిగతావి విరిగిన పాపం పోతుందని అనుకున్నానేమో.

విరిగినవన్నీ వాటి గదిలోనే వేసి పెట్టె మూశాను. తర్వాత సైకిలు ఎక్కాను. మర్రిగూడ దారిలో ఎంత దూరం పోయానో, ఎంత సంతోషంగా తొక్కానో చెప్పడానికి ఈ రోజు కూడా సిగ్గేస్తుంది. ఆ సాయంత్రం నాకు భయం వేయలేదు.

సోమవారం బడికి ఏదో సెలవు. ఇంజనీరు గారి బిడ్డ పెండ్లికార్డు ఆ రోజు మొదటి అచ్చు తీయాలి. సాగర్ కాలనీ నుంచి బాపుకు వచ్చిన మొదటి పెండ్లిపని అది. ఇంజనీరు గారి గుమాస్తా ముందు గదిలో కూర్చొని ఉన్నాడు. మామ ఎప్పటిలాగే పేర్చాడు. పనిమంతుడైన కంపోజిటరు సీసపు అక్షరం మొహం చూడడు, దిమ్మె పక్కన వేలికి తగిలే గాటును బట్టి పేరుస్తాడు. అందుకే ఆయనకు తెలియలేదు. పేర్చినదాన్ని బిగించి, అన్నీ ఒకే మట్టానికి రావడానికి మీద చెక్క పెట్టి సుత్తితో తట్టాడు. వాలు అక్షరాలను తట్టేటప్పుడు చెక్క కింద మందపాటి కాగితం కూడా పెట్టేవాడు. మిషను అబ్బాయి మొదటి అచ్చు తీసి బాపు చేతికి ఇచ్చాడు.

ఇంగ్లీషు పెండ్లికార్డులో 'ఆఫ్' అన్న మాట లేని వరుస ఉండదు. ఫలానా వారి పుత్రిక అనాలన్నా, మీ రాక మాకు సంతోషం అనాలన్నా ఆ మాట రావలసిందే. ప్రతి వరుసలోనూ ఒక తల తెగిన అక్షరం. గుమాస్తా కాగితాన్ని లాక్కొని చూసి, "ఏంటండీ ఇది, శుభమా అని కొట్టిస్తుంటే!" అన్నాడు.

బాపు వెనక గదిలోకి వచ్చాడు. రాతిబల్ల మీది కొయ్యసుత్తి చేతికి తీసుకున్నాడు. ఆయన మొహం చూసి నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

"మల్ల మొదలువెట్టినవారా?" అన్నాడు.

మామకు అర్థం కాలేదు. "ఏంది సారూ?"

"తాగి సుత్తి వట్టినవు. చెయ్యి వణికి ఎట్ల వడితే అట్ల కొట్టినవు. నువ్వు దప్ప ఈ పెట్టె ముట్టినోడు ఇంకొకడు ఉన్నడా?"

"తాగలే సారూ! నా పిల్లల మీద ఒట్టు. చుక్క ముట్టలే."

మిషను అబ్బాయి తల దించుకున్నాడు. వాడు కూడా నమ్మలేదు. మామ పేజీ దగ్గరికి పోయి, చిమ్టాతో విరిగిన అక్షరం ఒకటి పైకి తీసి వెలుతురుకు పట్టాడు. అప్పుడు చూశాడు. విరిగిన చోట సీసం తెల్లగా మెరుస్తోంది. దాని పక్కన గాటులో ఊదా రంగు సిరా ఉంది. మిషను సిరా నలుపు. ఆ గదిలో ఊదా సిరాతో ఎవరికీ పని లేదు. మామ మెల్లగా తల తిప్పి నా వైపు చూశాడు. మొహం కాదు, చేతులు చూశాడు. ఆదివారం ఎంత రుద్దినా నా వేళ్ల రంగు పోలేదు. చేతులు నిక్కరు జేబుల్లో పెట్టుకున్నాను.

ఆయన ఒక్కమాట అంటే అయిపోయేది. ఆ అక్షరాన్ని బాపుకు చూపిస్తే అయిపోయేది. మామ కిరసనాయిలు గుడ్డ తీసుకొని, ఆ అక్షరాన్ని తుడిచాడు. ఊదా రంగు పోయేదాకా తుడిచాడు. తర్వాత బాపు వైపు తిరిగి, "చెయ్యి జారింది సారూ. తాగి మాత్రం కాదు" అన్నాడు.

అప్పటికే అత్త సద్ది గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. చెయ్యి జారింది అన్న మాట మాత్రం ఆమె వింది. ఆమె ఆయన కండ్లలోకి చూడలేదు ఆ రోజు. మామ ఆమె దగ్గరికి రెండడుగులు వేసి, ఎప్పటిలాగే నోరు ముందుకు పెట్టి ఊదబోయాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది. గిన్నె గడప మీద పెట్టి వెళ్లిపోయింది. నేను ఆమె దారికి అడ్డంగా నిలబడి ఉన్నాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు జరగమంది. చెప్పడానికి నాకు దొరికిన అవకాశం అది. జరిగి దారి ఇచ్చాను.

కార్డు నిటారు అక్షరాలతోనే కొట్టి ఇచ్చారు. ఇంజనీరు గారు తీసుకున్నారు గానీ, ఆ తర్వాత కాలనీ పనులు హైదరాబాదుకు పోయాయి. ఆ వారంలోనే అత్త పిల్లల చేతులు పట్టుకొని కొత్తకోట బస్సు ఎక్కింది. బాపు మామను పనిలోంచి తీసేయలేదు. వాలు అక్షరాల పెట్టె మాత్రం ముందు గదిలోకి మార్పించి, తన బల్ల కింద పెట్టుకున్నాడు. కొద్ది రోజులకు మామే మానుకొని వెళ్లిపోయాడు. పోతూ నా నెత్తి నిమిరి, "మంచిగ చదువుకో అల్లుడా" అన్నాడు. తిట్టి ఉంటే ఏడ్చి చెప్పేసేవాణ్నేమో. ఆయన తిట్టలేదు.

ఆయన చేసింది నన్ను కాపాడటమని చాలా ఏండ్లు అనుకున్నాను. మనుషుల్లో అంత మంచితనం ఉంటుందని ఆ రోజే నేర్చుకున్నానని నాకు నేనే చెప్పుకొని, దాన్నొక అందమైన పాఠంగా దాచుకున్నాను. పెద్దయ్యాక ఒకసారి ఇంకో ఆలోచన వచ్చింది. ఆయన నిజం చెప్పి ఉంటే ఆ గదిలో ఎవరు నమ్మేవాళ్లు? యజమాని కొడుకు దొంగతనంగా పెట్టె తెరిచాడని ఒకప్పటి తాగుబోతు అంటే ఏమయ్యేది? ఆయన మౌనంలో మంచితనం ఎంతో, దిక్కులేనితనం ఎంతో నాకు తెలియదు. ఆ ఆలోచన వచ్చిన తర్వాత ఆ జ్ఞాపకం నాకు అందంగా కనిపించడం మానేసింది.

మా ఇంట్లో మాత్రం అది నవ్వులాట అయిపోయింది. ఎవరి చేతిలోనుంచి ఏది జారినా 'కంపోజిటరు చెయ్యి' అనేవాళ్లు. అన్నంలో నెయ్యి ఎక్కువ పడినా, ముగ్గు వంకర పోయినా అదే మాట. మా చెల్లెళ్లు అత్తవారిళ్లకు కూడా దాన్ని తీసుకుపోయారు. బాపు పోయి కొన్నాళ్లైన తర్వాత ఒకరోజు నా చిన్న బిడ్డ నాకు చాయ్ తెస్తూ చాపమీద ఒలకబోసింది. నేనేమీ అనకముందే నాలుక కరుచుకొని, "నాది కంపోజిటరు చెయ్యి బాపూ" అన్నది. ఆ పిల్ల ఆయనను చూడలేదు. కంపోజిటరు అంటే ఏమిటో కూడా దానికి తెలియదు. నేను చెప్పని ఒక్క మాట, ఏమీ ఎరగని పసిపిల్ల నోట్లో తిట్టుగా బతుకుతోంది. ఆ చాయ్ నేను తాగలేకపోయాను. పాస్టరు గారి ఇంటివాళ్లను అడిగి మామ ఎక్కడున్నాడో తెలుసుకొని, ఆ ఆదివారం కొత్తకోట బస్సు ఎక్కాను.

బెంగుళూరు రోడ్డుకు ఆనుకొని చిన్న రేకుల ఇల్లు. మామ అరుగు మీద కూర్చొని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. నన్ను పోల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

"అల్లుడా! నెత్తి మీది ఎంటికలు ఏడ వోగొట్టుకున్నవురా?" అన్నాడు.

లోపలి నుంచి అత్త వచ్చింది. మంచినీళ్లు ఇచ్చి, చాయ్ పెడతానని లేవబోయింది. ఆమెను కూర్చోమన్నాను. మామకు నేనెందుకు వచ్చానో అప్పుడే తెలిసిపోయింది. "పాత ముచ్చట్లు గిప్పుడెందుకు తియ్యి" అన్నాడు. "బస్సుల అలిసి వచ్చినవు. తిని పండు."

"అత్తకు చెప్పాలె మామా" అన్నాను. చెప్పాను. సైకిలు సంగతి, ఊదా సిరా, సుత్తి, జేబుల్లో చేతులు, అన్నీ చెప్పాను. ఆయన ఆ రోజు తాగలేదని చెప్పాను. అత్త కొంగు చివర పట్టుకొని కదలకుండా విన్నది. తర్వాత నా వైపు చూడలేదు, ఆయన వైపు తిరిగింది.

"నీకు ఎర్కనా గిది?"

"ఎర్కనే."

"ఎర్కుండి నోరు మూసుకున్నవా? పిల్లల చేతులు వట్టుకొని నేను బస్సెక్కుతుంటె గూడ చెప్పకపోతివి!"

"తాగలేదని చెప్పిన గద. గా ఒక్క మాట నమ్మనిదానివి, పోరడు చేసిండంటే నమ్ముతుంటివా?"

మామ నా వైపు తిరిగాడు.

"నువ్వు చిన్న పోరనివి. మీ బాపు నడుముకు బెల్టు ఉండె, అదొకటి. సారు కొడుకు మీద నేను చెప్తే నా మాట నిలవదు, అది ఇంకోటి. రెండిట్ల ఏది ముందుగాల తోచిందో నాకే తెల్వదు అల్లుడా. నన్ను మరీ దేవుణ్ని చెయ్యకు." అత్త వైపు చెయ్యి చూపించాడు. "ఈమె వోయినంక నిజంగనే తాగిన. శాన తాగిన. తాగనినాడే తాగుబోతంటిరి, ఇగ తాగితే కొత్తగ ఏమైతదనిపించింది. గా రెండు మూడేండ్లు ఎట్ల వోయినయో మతికి లేదు. ఈమె మల్ల వచ్చి పట్టుకుంటెనే మనిషినైన."

ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పాడు. అంతవరకు నేను పాడుచేసింది ఒక మనిషి ఉద్యోగం, ఒక మనిషి పేరు అనుకున్నాను. ఆ కల్లు ఏండ్లు కూడా నా లెక్కలోవే అని అప్పుడు తెలిసింది.

నేను అత్త కాళ్లకు వంగబోయాను. ఆమె భుజం పట్టి ఆపింది. కండ్లు తుడుచుకోలేదు, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"నాకు కాదు బిడ్డా. నమ్మనిది నేను. అది నాకూ ఆయనకూ ఉన్నది, నేను జూసుకుంట. నీది నువ్వు ఆయనకు చెప్పు."

ఎక్కడైనా ఒకరి మీద మాట పడుతుంటే, ఆ వెనక గదిలో చేతులు దాచుకొని నిలబడిన పిల్లవాడు నాలో ఇప్పటికీ లేచి నిలబడతాడు. వాడితో నోరు తెరిపించడమే నా బతుకులో నేను నేర్చుకుంటూ వచ్చిన చదువు, ఇంకా పూర్తిగా రాలేదు. బస్సులో దారి పొడుగునా మంచి మంచి మాటలు పేర్చుకొని పోయాను. ఆయన ముందు కూర్చునేసరికి ఒక్కటీ మిగలలేదు. ఆయన రెండు చేతులూ పట్టుకున్నాను.

"మామా, తప్పు నేను చేసిన, మాట నువ్వు వడ్డవు. గంతమందిల నిలవడి గూడ నేను నోరు తెరవలే. ఇన్నేండ్లు నిన్ను జూసి మావోళ్లు నవ్వుతుంటె నేను గూడ నవ్విన. నన్ను మాఫ్ చెయ్యి మామా."